బల్లి పాదం సూత్రంతో అంటుకునే సిలికోన్ ముక్క: ఎలా చేయాలి, పట్టును ఎలా పరీక్షించాలి

సైన్స్ ఫెయిర్ల కాలం దగ్గరపడిందంటే కర్నూలు, నంద్యాల, అనంతపురం, ప్రొద్దుటూరు బడుల నుంచి ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది: గోడ మీద బల్లి జారకుండా నిలిచే తీరును చూపించే నమూనాను పిల్లలే తయారు చేయగలరా? చేయగలరు. అయితే అడిగేవారిలో చాలామంది అప్పటికే వెల్వెట్ గుడ్డనో, టూత్‌బ్రష్ పోగులనో అట్టకు అతికించి, గాజుకు నొక్కి, అది నిలవకపోయేసరికి నిరుత్సాహపడి ఉంటారు. ఆ పోగులు బల్లి కాలి నూగుకన్నా ఎన్నో రెట్లు లావైనవి, బిరుసైనవి. వాటి కొనలు గాజును తాకుతాయే గానీ గాజుకు ఆనుకోవు. అందుకే ఆ దారి వదిలి, మైనం అచ్చులో సిలికోన్ రబ్బరును పోసి సన్నని ఏటవాలు రెక్కలు తీసే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. పరిశోధనశాలల్లో కూడా మైనంలో బ్లేడుతో గాట్లు దించి ఇలాంటి అచ్చులు చేశారు. మనం చేసేది దానికి చేతిపని రూపం.

ఒక విషయం ముందే గట్టిగా చెప్పాలి. మీరు చేయవలసింది ఒక ముక్క కాదు, రెండు. ఒకటి రెక్కలున్నది, రెండోది అదే సిలికోన్‌తో అదే రోజు పోసిన నున్నటి ముక్క. నున్నటి సిలికోన్ గాజుకు తనంతట తానే అంటుకుంటుంది. దానితో పోల్చి చూపకుండా "మా ముక్క అంటుకుంది" అని చెబితే రెక్కల వల్ల ఏం జరిగిందో మీరు ఏమీ నిరూపించనట్టే. ఈ పనిలో అన్నిటికన్నా విలువైనది ఆ సాదా ముక్కే అని నా అభిప్రాయం.

తెలుసుకోవలసిన సిద్ధాంతం

బల్లి కాలి కింద జిగురు లేదు, కొక్కేలు లేవు, గాలిని పీల్చి పట్టే గిన్నెలూ లేవు. టోకే అనే పెద్ద బల్లి వేళ్ల కింద లక్షలాది వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్కటి దాదాపు 100 మైక్రాన్ల పొడవు, కొద్ది మైక్రాన్ల మందం ఉంటుంది (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు, నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు). ప్రతి వెంట్రుక కొన చీపురు కొనలా వందల పాయలుగా చీలుతుంది. ఒక్కో పాయ చివర ఉండే చదునైన రేకు వెడల్పు సుమారు 200 నానోమీటర్లు మాత్రమే. అంత చిన్న రేకు ఏ ఉపరితలానికైనా కొద్ది నానోమీటర్ల దూరం దాకా చేరగలదు. ఆ దూరంలో అణువుల మధ్య ఉండే వాండర్‌వాల్ ఆకర్షణ పనిచేయడం మొదలుపెడుతుంది. దూరం కొంచెం పెరిగినా ఆ బలం వేగంగా పడిపోతుంది.

అమెరికా జీవశాస్త్రవేత్త కెల్లర్ ఆటమ్ బృందం 2000లో ఒకే ఒక వెంట్రుక పట్టును కొలిచి, అది దాదాపు 200 మైక్రోన్యూటన్లని చూపింది. 2002లో అదే బృందం నీటిని ఇష్టపడే ఉపరితలాల మీద, నీటిని తోసే ఉపరితలాల మీద కూడా పట్టు నిలుస్తుందని చూపి, ఇది ప్రధానంగా వాండర్‌వాల్ బలమేనని తేల్చింది. వెంట్రుక ఉపరితలంతో చేసే కోణం సుమారు 30 డిగ్రీలు దాటితే పట్టు వదిలిపోతుంది. అందుకే బల్లి అంత గట్టిగా పట్టుకునీ అంత తేలికగా అడుగు ఎత్తగలుగుతుంది. మన నమూనాలో చూపవలసినవి ఈ రెండు గుణాలే: లాగితే పట్టాలి, వంచి ఎత్తితే వదలాలి.

కావలసినవి

- ప్లాటినమ్ రకం సిలికోన్ రబ్బరు, ఎ, బి భాగాలుగా వచ్చేది. కలపవలసిన పాళ్లు డబ్బా మీద ఉంటాయి. కొన్ని 1:1, కొన్ని 10:1.
- తెల్ల కొవ్వొత్తులు, వాటి తూకంలో పదో వంతు తేనెమైనం. ఒట్టి కొవ్వొత్తి మైనం పెళుసుగా ఉండి గాటు పక్కన పెచ్చులు లేస్తుంది. తేనెమైనం కలిపితే మెత్తబడుతుంది.
- గడ్డం గీసుకునే రెండంచుల కొత్త బ్లేడు ఒకటి, దాన్ని బిగించడానికి రెండు చెక్క పట్టీలు.
- ఎం6 బోల్టు, నట్టు. ఏ ఇనుప సామాన్ల అంగడిలోనైనా దొరుకుతాయి.
- 5 మి.మీ. మందం గాజు పలకలు రెండు. ఫోటో ఫ్రేములు కట్టే అంగడిలో అరగదీసిన అంచులతో కోయించుకోండి.
- గంజి పూర్తిగా పోయేలా ఉతికి ఆరబెట్టిన పలుచని నూలు గుడ్డ.
- 0.1 గ్రాము దాకా చూపే డిజిటల్ తూకం, నైట్రైల్ చేతితొడుగులు, ఆసుపత్రి స్పిరిట్, రెండు లీటర్ల నీళ్ల సీసా, గట్టి దారం, 50 మి.లీ. కొలపాత్ర.
- మొబైల్‌కు తగిలించే క్లిప్ లెన్సు. ఫోల్డ్‌స్కోప్ (కాగితంతో మడిచి చేసే చిన్న సూక్ష్మదర్శిని) ఉంటే మరీ మంచిది.

లేటెక్స్ చేతితొడుగులు వాడకండి, అచ్చు దగ్గరికి పిల్లలు ఆడుకునే రంగు మట్టిని రానివ్వకండి. వాటిలో ఉండే గంధకం ప్లాటినమ్ రకం సిలికోన్‌ను గట్టిపడనీయదు. పైకి అంతా బాగున్నట్టే కనిపించి, తీసి చూస్తే అచ్చు తగిలిన ముఖం జిగటగా మిగిలిపోతుంది. సిలికోన్ గట్టిపడలేదని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

ప్లాటినమ్ రకం దొరకకపోతే, స్నానాలగది అంచులకు పూసే, వెనిగర్ వాసన వచ్చే ట్యూబు సిలికోన్‌తో కూడా పని గడుస్తుంది. దానికి గంధకం బాధ లేదు. కానీ అది చిక్కటి ముద్ద కాబట్టి గాట్లలోకి దానంతట అది దిగదు. పాత ఏటీఎం కార్డు అంచుతో గట్టిగా అదుముతూ పలుచగా పూయాలి. గాలిలోని తేమతో గట్టిపడే రకం కాబట్టి మన పొడి ఎండాకాలంలో ఎక్కువ సమయం తీసుకుంటుంది. వాసన పూర్తిగా పోయేదాకా కదిలించకండి.

చేసే విధానం

1. ముందు బల్లిని చూడండి. రాత్రి ట్యూబులైటు వెలుగుకు కిటికీ అద్దం బయటి వైపు చేరిన ఇంటి బల్లిని లోపలి నుంచి మొబైల్‌తో వీడియో తీయండి. వేళ్ల కింద అడ్డంగా, రెండు వరుసల్లో పలుచని పలకలు కనిపిస్తాయి. వెంట్రుకలు ఆ పలకల మీదే ఉంటాయి గానీ ఈ లెన్సుకు అందవు. వీడియోను నెమ్మదిగా నడిపించి అది అడుగు ఎత్తే క్షణాన్ని గమనించండి. వేలి కొన ముందుగా పైకి చుట్టుకుంటుంది, ఆ తరువాతే పాదం లేస్తుంది. మీ ముక్కను గాజు నుంచి తీయవలసింది కూడా సరిగ్గా అలాగే కాబట్టి ఈ వీడియోను దాచుకోండి. బల్లిని పట్టుకోవద్దు, తోక తెంపవద్దు. శేషాచలం కొండల్లోని బంగారు బల్లి జోలికి అసలే పోకూడదు, అది వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్న జీవి.

2. మైనం పలక పోయండి. కొవ్వొత్తి ముక్కలను, తేనెమైనాన్ని ఒక చిన్న గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడి నీళ్లున్న పెద్ద గిన్నెలో పెట్టి కరిగించండి. నేరుగా పొయ్యి మీద పెడితే మైనం అంటుకుని మండే ప్రమాదం ఉంది కాబట్టి పెద్దవాళ్లు దగ్గర ఉండి తీరాలి. గాజు పలకను స్పిరిట్‌తో తుడిచి, చుట్టూ అట్టతో 5 సెం.మీ. చదరపు గోడ కట్టి, కరిగిన మైనాన్ని ఒక సెంటీమీటరు మందం పోసి, ఫ్రిజ్‌లో పెట్టకుండా గది వేడిలోనే చల్లారనివ్వండి. చల్లారిన మైనం కుంచించుకుని గాజును దానంతట అదే వదులుతుంది. మనకు కావలసింది గాజు వైపు ఉన్న నున్నటి ముఖం. ఇలాంటి పలకలు రెండు చేయండి. ఒకదానికి గాట్లు పెడతాం, రెండోదాన్ని నున్నటి ముక్క కోసం అలాగే ఉంచుతాం.

3. గాట్ల చట్రం కట్టండి. ఫలితం ఈ చట్రం మీదే ఆధారపడుతుంది కాబట్టి దీనికి పూర్తి ఒక పూట కేటాయించినా వృథా కాదు. చెక్క మీద రెండు సమాంతర పట్టీలు కొట్టి, వాటి మధ్య ఒరుసుకోకుండా, ఊగకుండా జరిగే చిన్న చెక్కను అమర్చి, దాని మీద మైనం పలకను అతికించండి. పట్టీల చివర నట్టును బిగించి, ఎం6 బోల్టు దానిగుండా వచ్చి జరిగే చెక్కను నెట్టేలా చేయండి. ఎం6 బోల్టు ఒక చుట్టుకు 1 మి.మీ. ముందుకు జరుగుతుంది. దాని తలకు ఆరు మూలలు ఉన్నాయి కాబట్టి రెండు మూలలు తిప్పితే పలక మి.మీ.లో మూడో వంతు, అంటే దాదాపు 0.33 మి.మీ. జరుగుతుంది. మూలల్లో ఒకదానికి గోళ్ల రంగుతో చుక్క పెట్టుకుంటే లెక్క తప్పదు.

పలకకు పైన, సమతలంతో 60 డిగ్రీల కోణం చేసే ఏటవాలు చెక్కను కదలకుండా నిలపండి. బ్లేడును రెండు పట్టీల మధ్య బిగించి, ఒక అంచు మాత్రమే 3 మి.మీ. బయటికి కనిపించేలా చేసి, రెండో అంచును పట్టీలోనే పూర్తిగా మూసివేయండి. బ్లేడు పట్టీ ఆ ఏటవాలు ముఖం మీదుగా కిందికి జారి, ఒక ఆపు పట్టీ తగలగానే ఆగాలి. లోతును సరిచేయడానికి తేలికైన ఉపాయం ఉంది. మామూలు ఎ4 కాగితం ఒకటి సుమారు 0.1 మి.మీ. మందం ఉంటుంది. ఆపు పట్టీ కింద మూడు కాగితాలు పెట్టి, బ్లేడు అంచు మైనాన్ని అప్పుడే తాకేలా పట్టీని బిగించి, తరువాత కాగితాలను తీసేయండి. ఇప్పుడు బ్లేడు తన దారిలో 0.3 మి.మీ. మాత్రమే లోపలికి దిగుతుంది.

4. గాట్లు పెట్టండి. బ్లేడును నిదానంగా దించి, వచ్చిన దారినే పైకి తీసి, రెండు మూలలు తిప్పి, మళ్లీ దించండి. 3 సెం.మీ. పొడవుకు దాదాపు 90 గాట్లు పడతాయి. బోల్టును ఎప్పుడూ ఒకే దిక్కుకు తిప్పండి. పొరపాటున వెనక్కి తిప్పితే మరలోని వదులు వల్ల దూరం తప్పుతుంది. ప్రతి పది గాట్లకు ఒకసారి ఆగి లెన్సుతో చూడండి. గాటు నోరు నల్లని సన్నని గీతలా తెరుచుకుని ఉంటే సరే. పక్క గాటు దిగినప్పుడు ముందు గాటు మూసుకుపోతుంటే మైనం మరీ మెత్తగా ఉందని గానీ, దూరం చాలలేదని గానీ అర్థం. అప్పుడు మూడు మూలలు తిప్పి 0.5 మి.మీ. ఎడం ఇవ్వండి. గాటు పక్కన పెచ్చులు లేస్తుంటే మైనం పెళుసుగా ఉంది, తేనెమైనం ఇంకొంచెం కలిపి కొత్త పలక పోయాలి. లేచిన పొట్టును వేలితో రుద్దకండి. రబ్బరు బంతితో గాలి ఊది పోగొట్టండి.

పని అయ్యాక, బ్లేడు అంచు ఏ వైపుకు వాలి దిగిందో ఆ వైపుకు మైనం అంచు మీద ఒక బాణం గీయండి. ఈ బాణం లేకపోతే తరువాత ఏ దిశకు లాగాలో తెలియక పరీక్ష అంతా తారుమారవుతుంది.

5. సిలికోన్ కలపండి. ముక్క చిన్నదే అయినా 20 గ్రాములకు తగ్గకుండా కలపండి. రెండు మూడు గ్రాములు కలిపితే తూకంలో వచ్చే చిన్న తేడా కూడా పాళ్లను చెడగొడుతుంది. గిన్నె అంచులు, అడుగు గీకుతూ నాలుగు నిమిషాలు కలపాలి. మే నెల మధ్యాహ్నం మన ఊళ్ల వేడికి సిలికోన్ డబ్బా మీద రాసిన సమయం కన్నా చాలా ముందే చిక్కబడుతుంది, అందుకని తెల్లవారుజామున కలపడం మేలు. బుడగలు పైకి తేలి పగిలేదాకా పావుగంట ఆగండి.

6. రెండు పలకల మీదా ఒకే గిన్నెలోది పోయండి. గాట్లున్న పలక మీద ముందుగా మెత్తని కుంచెతో పలుచని పూత, గాట్ల వెంబడే, అడ్డంగా కాకుండా పూయండి. దీనివల్ల గాటు అడుగున చిక్కిన గాలి బయటికి వస్తుంది. ఆ తరువాత మొత్తం మందం ఒక మి.మీ. దాటకుండా పోసి, పైన నూలు గుడ్డను పరిచి, సిలికోన్ గుడ్డలోకి ఇంకేలా కార్డు అంచుతో సుతారంగా నిమరండి. గుడ్డ ఒక వైపు 8 సెం.మీ. తోకలా బయటికి మిగలాలి. ఆ తోక బాణం మొనకు ఎదురు వైపున ఉండాలి, ఎందుకంటే బరువు కట్టేది దానికే. గుడ్డ పని అలంకారం కాదు. రబ్బరు ఒక్కటే అయితే లాగినప్పుడు సాగి ఒక మూల నుంచి లేచిపోతుంది. సాగని గుడ్డ వెనక ఉంటే బరువు ముక్క మొత్తానికీ సమంగా పంచబడుతుంది. గట్టిపడిన సిలికోన్‌కు మామూలు జిగుర్లేవీ అంటవు కాబట్టి గుడ్డను తరువాత అతికించుకోవచ్చులే అనుకోకండి. నున్నటి ముక్కకు కూడా అదే గుడ్డను, అదే మందాన్ని వాడండి.

7. గట్టిపడనివ్వండి. డబ్బా మీద చెప్పిన సమయానికి ఇంకో పూట కలిపి, నీడ పట్టున, దుమ్ము పడకుండా మూత వేసి ఉంచండి. త్వరగా అవుతుందని మిద్దె మీద ఎండలో పెడితే మైనం మెత్తబడి గాట్లు పూడిపోతాయి. ఇదే కారణంతో ఓవెన్‌లో కూడా పెట్టకూడదు. పని అయిందో లేదో అచ్చును ముట్టి చూడకండి. గిన్నెలో మిగిలిన సిలికోన్‌ను గోరుతో నొక్కి చూడండి. గోటి గుర్తు నిలవకుండా, వేలికి జిగట తగలకుండా ఉంటే అయినట్టే.

8. అచ్చు నుంచి తీయండి. తీసే ముందు అచ్చు మీది బాణాన్ని గుడ్డ మీద పెన్నుతో మళ్లీ గీయండి. బాణం మొన ఉన్న అంచును ముందు లేపి, తోక వైపుకు చుట్టుకుంటూ నెమ్మదిగా తీయండి. అలా తీస్తేనే రెక్కలు వాటి వాలు వెంబడి జారి బయటికి వస్తాయి. ఎదురు దిక్కున లాగితే కొనలు తెగి మైనంలోనే ఉండిపోతాయి. అంటుకున్న మైనం పొట్టును గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి, మంచి నీళ్లతో జాడించి, తుడవకుండా ఆరబెట్టండి. రెండు ముక్కలనూ 3 సెం.మీ. చదరంగా కత్తిరించండి, గుడ్డ తోకను మాత్రం వదిలేయండి.

9. లెన్సుతో సరిచూడండి. ముక్కను వేలి మీద కొంచెం వంచి పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకుంటే రెక్కలు వరుసగా, దువ్వెన పళ్లలా విడివిడిగా కనిపించాలి. రెండు మూడు రెక్కలు ఒకదానికొకటి అంటుకుని గుంపులు కట్టి ఉంటే అవి మరీ పొడవుగానో, మరీ దగ్గరగానో ఉన్నాయని తెలుసుకోండి. మెత్తని పదార్థంతో సన్నని పోగులు చేసే ఎవరికైనా ఎదురయ్యే చిక్కు ఇది. పోగుకూ గాజుకూ మధ్య పనిచేసే ఆకర్షణే పోగుకూ పోగుకూ మధ్య కూడా పనిచేస్తుంది. బల్లి వెంట్రుకలు గోరు లాంటి గట్టి కెరటిన్‌తో తయారవడం వల్ల అంత సన్నగా, ఒత్తుగా ఉన్నా విడివిడిగా నిలుస్తాయి. మన రబ్బరుకు ఆ గట్టిదనం లేదు, కాబట్టి మన రెక్కలు పొట్టిగా, మొదలు దగ్గర వెడల్పుగా ఉండాలి. లోతును రెండు కాగితాల మందానికి తగ్గించి మళ్లీ చేయండి.

మైనం పని కుదరనివారికి

పాత రాసుకునే సీడీ ఒకటి తీసుకుని, లేబులు వైపు బ్లేడుతో గీటు పెట్టి, వెడల్పు టేపుతో మెరుపు పొరను లాగేయండి. మిగిలిన రంగును స్పిరిట్‌తో కడిగితే 1.6 మైక్రాన్ల ఎడంతో సన్నని గాడులున్న పారదర్శక పలక మిగులుతుంది. పొర ఊడిన వైపు సిలికోన్ పోసి తీస్తే ముక్క మీద ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి. ఆ రంగులే అచ్చు సరిగా దిగిందనడానికి రుజువు. ఇవి నిలువు పోగులు కావు, వాలు లేని గట్లు మాత్రమే, కాబట్టి దిశను చూపే ప్రయోగం దీనితో కాదు. కానీ మీ సిలికోన్, మీ చేతివాటం ఎంత సన్నని వివరాన్ని పట్టగలవో తెలుసుకోవడానికి మైనం పని కన్నా ముందు దీన్ని ఒకసారి చేసి చూడమని అందరికీ చెబుతాను. సన్నని రంధ్రాలున్న ప్లాస్టిక్ వడపోత పొరల్లో పోసి, ఆ పొరను ఘాటైన ద్రావకాలతో కరిగించే పద్ధతి కూడా ఉంది. పొగలు పీల్చే అల్మరా ఉన్న కళాశాల ప్రయోగశాలలో తప్ప దాన్ని ఇళ్లలో గానీ, బడుల్లో గానీ ప్రయత్నించకండి.

పట్టును కొలవడం

గాజు పలకను నిట్టనిలువుగా కదలకుండా బిగించి, స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. ముక్కను బాణం పైకి చూపేలా గాజుకు ఆనించండి. కొనలు పైకి వాలి, బరువు కిందికి లాగుతుంటేనే రెక్కలు ఇంకా పడుకుని తమ పక్క ముఖంతో గాజును ఎక్కువగా తాకుతాయి. నిలువు గోడ మీద బల్లి వేళ్లు పైకి చాచి, ఒంటి బరువు కిందికి వేలాడేది కూడా ఇదే అమరిక.

మొదటి పరీక్షకు కొలత అవసరం లేదు. రెక్కల ముక్కను తేలికగా ఆనించి, ఏమీ లాగకుండా వదిలేయండి. అది దాదాపుగా పట్టు లేకుండా ఊడిరావాలి. మళ్లీ ఆనించి, ఈసారి తోకను గాజు వెంబడి కొంచెం కిందికి లాగి పట్టుకోండి. అప్పుడు పట్టు చేతికి తెలుస్తుంది. నున్నటి ముక్క అలా కాదు, లాగినా లాగకపోయినా అంటుకునే ఉంటుంది. ఈ తేడా కనిపిస్తే మీ రెక్కలు పనిచేస్తున్నట్టే. కనిపించకపోతే ముందుకు పోకుండా 8, 9 అంచెలకు తిరిగి వెళ్లండి.

తరువాత తోకకు దారంతో ఖాళీ సీసా కట్టి, కింద మడిచిన బొంత పరిచి, 50 మి.లీ. చొప్పున నీళ్లు పోస్తూ ప్రతిసారీ పది సెకన్లు ఆగండి. దారం గాజును రాసుకుంటూ నేరుగా కిందికి దిగాలి. దారం గాజు నుంచి దూరంగా వాలితే మీరు కొలిచేది ఒలిచే బలం అవుతుంది, పట్టు బలం కాదు. ముక్క జారిన క్షణంలో సీసా, నీళ్లు, దారం మొత్తం తూకం రాసుకోండి. ఉదాహరణకు మొత్తం 1.5 కిలోలైతే బలం సుమారు 14.7 న్యూటన్లు. దాన్ని 9 చదరపు సెం.మీ.తో భాగిస్తే చదరపు సెం.మీ.కు 1.6 న్యూటన్లు. టోకే బల్లి ముందు పాదాలు రెండూ కలిసి 227 చదరపు మి.మీ. వైశాల్యంతో దాదాపు 20 న్యూటన్ల బలాన్ని ఆపాయి, అంటే చదరపు సెం.మీ.కు దాదాపు 9 న్యూటన్లు. మీ అంకె పక్కన దీన్ని కూడా రాస్తే చూసేవారికి తేడా అర్థమవుతుంది.

ఇదే కొలతను నాలుగు విధాలుగా చేయాలి: రెక్కల ముక్క బాణం పైకి, రెక్కల ముక్క బాణం కిందికి, నున్నటి ముక్క, చివరగా రెండు ముక్కలనూ పై అంచుకు దారం కట్టి గాజుకు లంబంగా ఒలవడం. బాణం కిందికి ఉన్న పరీక్షకు దారాన్ని మొన వైపు అంచుకు రెండు కుట్లు వేసి కట్టుకోండి. ప్రతిదాన్నీ కనీసం ఐదుసార్లు చేసి, అంకెలను చిన్న నుంచి పెద్దకు పేర్చి నడిమి అంకెను తీసుకోండి. అన్నిటికన్నా పెద్ద అంకెను మాత్రమే చార్టు మీద రాయడం నిజాయితీ కాదు. నున్నటి ముక్క మొత్తం పట్టులో రెక్కల ముక్కను మించిపోయినా కంగారు పడకండి. రెక్కల ఘనత అంకె పెద్దదవడంలో లేదు. పట్టు బలానికీ ఒలిచే బలానికీ మధ్య, బాణం పైకీ కిందికీ మధ్య ఉన్న నిష్పత్తిలో ఉంది. రాయవలసింది ఆ నిష్పత్తినే.

గాజు తరువాత మన ప్రాంతపు రాళ్ల మీద చేయండి. తాడిపత్రి, బేతంచెర్ల నాపరాయి ముక్కలు పాలిష్ పట్టినవీ, పట్టనివీ రెండూ సులభంగా దొరుకుతాయి. ఒకే రాయి, ఒకే రసాయనం, నునుపు మాత్రమే వేరు. సిలికోన్ గరుకు రాయి గుట్టలను మాత్రమే తాకి పల్లాలను వదిలేస్తుంది కాబట్టి పట్టు పడిపోతుంది. తాకే వైశాల్యమే అసలు సంగతి అని చూపడానికి ఇంతకంటే శుభ్రమైన ప్రయోగం నాకు తెలియదు. వంటింటి టెఫ్లాన్ పూత పెనం మీద కూడా చూడవచ్చు. పొడి టెఫ్లాన్ మీద నిజమైన బల్లి కూడా సరిగా నిలవలేదు. పెనానికి నూనె జిడ్డు లేకుండా కడగడం మరవకండి.

ఎక్కువగా జరిగే తప్పులు

ముక్క బాగా అంటుకుంది కానీ అది నిజమైన పట్టు కాదు, పూర్తిగా గట్టిపడని సిలికోన్ జిగట మాత్రమే అయి ఉండవచ్చు. దీన్ని పట్టుకోవడానికి, ముక్క తీసిన చోట గాజు మీద నోటి ఆవిరి ఊదండి. శుభ్రమైన గాజు అంతటా ఒకేలా మసకబారుతుంది. చదరపు ఆకారం విడిగా తేలితే ముక్క ఏదో వదిలి వెళ్లిందన్నమాట. ముక్కను ఇంకో రెండు రోజులు ఉంచి, సబ్బునీళ్లతో కడిగి, మళ్లీ ఊది చూడండి. మచ్చ తేలనంత వరకు కొలతలను లెక్కలోకి తీసుకోకండి.

నున్నటి ముక్కను గట్టిగా అదిమితే మధ్యలో గాలి తగ్గి, అది గిన్నెలా పీల్చి పట్టుకోవచ్చు. అనుమానం వస్తే మధ్యలో సూదితో ఒక రంధ్రం చేసి మళ్లీ కొలవండి. అంకె మారకపోతే పీల్పు లేనట్టే.

అనంతపురం లాంటి పొడి వాతావరణంలో ప్లాస్టిక్ షీట్లకు స్థిర విద్యుత్తు పట్టి, ఏ ముక్కయినా అంటుకున్నట్టు కనిపిస్తుంది. అందుకే పరీక్షను గాజు మీదే మొదలుపెట్టమన్నాను.

వేలిముద్రల జిడ్డు, ఎర్రమట్టి దుమ్ము పట్టును త్వరగా చంపేస్తాయి. ముక్కను ఎప్పుడూ అంచులతో, గుడ్డ వైపు నుంచే పట్టుకోండి. బల్లి పాదానికి నడుస్తూనే తన్ను తాను శుభ్రం చేసుకునే గుణం ఉంది, మన రెక్కలకు దాన్ని ఆశించకూడదు. పట్టు తగ్గిందనిపిస్తే పారదర్శక టేపును వాలు దిక్కున తేలికగా ఆనించి తీయండి. చాలకపోతే సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. స్పిరిట్‌తో కడిగితే మాత్రం పూర్తిగా ఆరడానికి గంట ఆగాలి.

చార్టు మీద "బల్లి పాదం తయారు చేశాం" అని రాయకండి. మన రెక్క పొడవు 0.3 మి.మీ., బల్లి వెంట్రుక కొన రేకు 200 నానోమీటర్లు. రెండింటి మధ్య వెయ్యి రెట్లకు పైగా తేడా ఉంది. "బల్లి పాదం సూత్రంతో దిశను బట్టి పట్టే ఉపరితలం" అని రాస్తే సరిగా ఉంటుంది. న్యాయనిర్ణేత జిగురు ఎక్కడుందని అడిగితే ఆవిరి పరీక్ష చేసి చూపండి. పీల్పు కదా అంటే రంధ్రం చేసిన ముక్క చూపండి. ఉపయోగమేమిటని అడిగితే, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2014లో ఇలాంటి ఏటవాలు సిలికోన్ రెక్కలను అరచేతి పలకలకు అమర్చి, వాటితో మనిషిని గాజు గోడ ఎక్కించారని చెప్పండి.

ప్రదర్శన రోజుకు రెండు రెక్కల ముక్కలు, ఒక నున్నటి ముక్క తీసుకెళ్లండి. రెక్కల వైపు దేనికీ తగలకుండా, గుడ్డ వైపును మూత లోపలికి పిన్నులతో గుచ్చి, గట్టి మూతున్న స్టీలు డబ్బాలో వేలాడదీసి ఉంచండి. డబ్బాను కిటికీ పక్కన ఎండలోనో, బస్సు ఇంజిను పక్కనో పెట్టకండి. గాజు పలకను అక్కడికి చేరాకే తుడవండి.